పైకే పోయే డ్రైవ్

శ్రోతలకు నమస్కారం. పాలమూరు, నల్లగొండ వైపు నుంచి హైదరాబాద్ వెళ్లి గోల్ఫ్ ఆడివచ్చేవాళ్లకు, కొత్తగా డ్రైవర్ (బంతిని బాగా దూరం కొట్టే పొడవాటి గోల్ఫ్ క్లబ్) చేతబట్టినవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు గురించి ఈ పూట మాట్లాడుకుందాం. బలమంతా పెట్టి కొడతారు. బంతి ముందుకు పోవలసింది పైకి పోతుంది. ఇంకా గట్టిగా కొడితే ఇంకా పైకి పోతుంది.

ముందు ఒక మాట చెప్పాలి. ఎత్తు లేవడమే తప్పనుకోకండి. అమెరికాలో మగ ప్రొఫెషనల్స్ పోటీలైన పీజీఏ టూర్‌లో ఆడేవాళ్ల డ్రైవ్, అంటే డ్రైవర్‌తో కొట్టిన దెబ్బ, సగటున 30 గజాలకు పైనే ఎత్తు లేస్తుంది. మన చెరువుకట్ట మీద బాగా ముదిరిన తాటిచెట్టు ఎత్తన్నమాట. అయినా వాళ్ల బంతి 270 గజాలకు పైనే గాలిలో దాటుతుంది. మన బంతి అదే తాటిచెట్టు ఎత్తు లేచి 150 గజాల దగ్గరే కూలబడిందంటే, ఆ ఎత్తు ఎలా వచ్చిందో వెతకాలి. అది తెలియకుండా తక్కువ లాఫ్ట్ (క్లబ్ ముఖం వెనక్కి వాలి ఉండే కోణం) ఉన్న కొత్త డ్రైవర్ కొనడం డబ్బు పారబోసుకోవడమే.

వెతకడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. వైట్‌బోర్డు మార్కర్ ఒకటి చాలు. బంతి మీద పావలా బిళ్లంత చుక్క పెట్టి, ఆ చుక్క క్లబ్ వైపు తిరిగేలా టీ (బంతిని నిలిపే చిన్న మేకు) మీద పెట్టి కొట్టండి. చుక్క ఫేస్ మీద, అంటే బంతిని తాకే క్లబ్ ముఖం మీద, అచ్చు పడుతుంది. పదిసార్లు కొట్టండి, ప్రతిసారీ చూసి తుడిచేయండి. ఒకటి రెండు దెబ్బలు చూసి తీర్పు చెప్పొద్దు, పదింటిలో ఎక్కువ ఎక్కడ పడ్డాయో చూడండి.

మొదటి రకం చూద్దాం. అచ్చు ఫేస్ పై అంచున పడినా, డ్రైవర్ నెత్తిన గీతలు పడుతున్నా, క్లబ్ బంతి కిందికి దూరుతోందని అర్థం. చిర్రగోనె ఆడినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. గోనె చిర్ర కిందికి దూరితే చిర్ర నెత్తి మీదికి లేస్తుంది గానీ ముందుకు పోదు. ఇక్కడా అంతే. భుజాలు ముందే తిరిగిపోయి, ఒళ్లు బంతి మీదికి తూలితే క్లబ్ గొడ్డలిలా నిలువుగా దిగుతుంది. దీనికో సాధన ఉంది. బంతికి ఒక అడుగు ముందు, గురి గీత మీదే, మూడు బంతులు వచ్చే ఖాళీ అట్టపెట్టె పడుకోబెట్టండి. క్లబ్ బంతిని కొట్టి పెట్టెను తాకకుండా దాని మీదుగా పోవాలి. పెట్టె ఎగిరిపోతుంటే ఇంకా కిందికే కొడుతున్నారు. మొదట సగం వేగంతో కొట్టండి.

రెండో రకం బంతి మొదట్లో మామూలుగానే బయలుదేరుతుంది. సగం దారిలో మళ్లీ పైకెక్కి, అక్కడ ఆగినట్టయి నిలువునా పడుతుంది. మన దగ్గర ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. అచ్చు చూస్తే ఫేస్ అడుగు భాగంలో ఉంటుంది. అడుగున పడ్డ దెబ్బకు క్లబ్ తల కొంచెం ముందుకు వంగినట్టు తిరుగుతుంది. దాంతో బంతికి బ్యాక్‌స్పిన్ (వెనక్కి తిరిగే సుడి) బాగా పెరుగుతుంది, ఆ స్పిన్ బంతిని గాలిలో పైకి ఎత్తుతుంది. సరిగ్గా ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. బంతి పైకి పోతోందని టీ కిందికి దించేస్తారు. టీ దిగితే బంతి ఫేస్‌కు ఇంకా అడుగున తగులుతుంది, స్పిన్ ఇంకా పెరుగుతుంది, బంతి ఇంకా పైకెక్కుతుంది. మందు వేసేకొద్దీ రోగం ముదిరినట్టు. ఈ రకానికి టీ కాస్త పెంచాలి. డ్రైవర్‌ను నేల మీద ఆనించి చూస్తే, బంతిలో సగం దాని నెత్తి పైన కనబడాలి. టీ మీద పెన్నుతో గీత గీసుకుంటే ప్రతిసారీ ఒకే ఎత్తు వస్తుంది. ఎండాకాలం గట్టి నేలలో టీ సగమే దిగి ఆగుతుంది, ఆ గీత అప్పుడు బాగా పనికొస్తుంది. అచ్చు ఫేస్ మధ్య నుంచి సుమారు ఒక సెంటీమీటరు పైన పడితే దెబ్బ కుదిరినట్టే.

బంతి కుడివైపు వంగుతూ పైకెక్కుతుంటే ఫేస్ తెరుచుకుని, అంటే కుడివైపుకు తిరిగి ఉంది. తెరుచుకున్న ఫేస్ లాఫ్ట్‌నూ పెంచుతుంది. ఎడమచేతి పట్టు చూసుకోండి. పైనుంచి చూస్తే రెండు మూడు వేళ్ల కణుపులు కనబడాలి.

మూడో రకంలో అచ్చు మధ్యలోనే ఉంటుంది, కానీ బంతి మొదటి నుంచే ఎత్తుగా బయలుదేరి మెత్తగా తేలుతుంది. అంటే బరువు కుడికాలి మీదే ఉండిపోయి, మణికట్లు బంతిని ఎత్తి వేస్తున్నాయి. బంతిని ఎడమ మడమ లోపలి అంచుకు ఎదురుగా పెట్టండి, అంతకు ముందుకు వద్దు. కొట్టాక బరువంతా ఎడమకాలి మీద ఉంచి, కుడి బూటు మడమ పైకి లేచి, బంతి నేల మీద పడేదాకా అలాగే నిలబడగలగాలి. నిలవలేకపోతే బరువు ముందుకు రాలేదు. ఎడమచేతివాటం వాళ్లు ఇవన్నీ తిప్పి వినాలి.

వీటన్నిటికీ మగవాళ్ల ఆట కంటే ఎల్‌పీజీఏ టూర్‌లో ఆడే మహిళా ప్రొఫెషనల్స్ ఆట చూడటం మేలు. వాళ్ల క్లబ్ వేగం గంటకు సగటున సుమారు 95 మైళ్లు. అది మామూలు ఆటగాడికీ అందే వేగం. అయినా వాళ్లు బంతిని కాస్త పైకి వెళ్తున్న క్లబ్‌తో కొట్టి, సుమారు 13 డిగ్రీల కోణంలో, నిమిషానికి 2,500-2,600 చుట్ల స్పిన్‌తో పంపుతారు. దాంతో సుమారు 220 గజాలు గాలిలోనే వెళ్తుంది. బలంతో కాదు, తగిలే తీరుతో వచ్చిన దూరమది.

ఆషాఢం గాలి ఎదురుగా వీస్తున్నప్పుడు సంగతి వేరు. ఎదురుగాలి బంతికి ఎత్తుడు పెంచుతుంది, ఉన్న కొద్దిపాటి స్పిన్ కూడా ఎక్కువ పని చేస్తుంది. గాలిని గెలవాలని గట్టిగా కొడితే స్పిన్ పెరిగి బంతి మళ్లీ నిలువున పడుతుంది. పట్టు ఒక అంగుళం కిందికి దించి, ముప్పావు స్వింగ్‌తో కొట్టండి. ఎండాకాలం గట్టి నేల మీద ఇలా తక్కువ ఎత్తులో పడ్డ బంతి బాగా దొర్లుతుంది కూడా.

ఇవన్నీ నెలరోజులు చేశాకే క్లబ్‌లో మార్పుల జోలికి వెళ్లండి. మెడ దగ్గర మార్చుకునే వీలున్న డ్రైవరైతే లాఫ్ట్ ఒక డిగ్రీ తగ్గించి చూడండి. కానీ లాఫ్ట్ తగ్గించగానే ఫేస్ కాస్త తెరుచుకుంటుంది, కుడివైపు వంగే బంతి ఉన్నవాళ్లకు ఆ వంపు పెరుగుతుంది. జరిపే బరువు ఉంటే ఫేస్ వైపు ముందుకు పెట్టండి, స్పిన్ తగ్గుతుంది. డ్రైవర్‌తో వచ్చిన రెంచ్‌తోనే, టక్కుమని చప్పుడయ్యేదాకా బిగించండి, అంతకు మించి వద్దు. షాఫ్ట్ (క్లబ్ కాడ) మీ వేగానికి మరీ మెత్తగా ఉందేమో అన్నది ఆఖరున చూసుకోవలసిన సంగతి. ఈ మార్పులన్నీ ఆట మొదలుకాక ముందే చేసుకోవాలి. రౌండ్ మధ్యలో క్లబ్ అమరిక మార్చడం నిబంధనలకు విరుద్ధం.