పళ్ళ మధ్య ఖాళీ

శ్రోతలకు నమస్కారం. తోటపని సామాను అనగానే ముందు గుర్తొచ్చేది పార, ఆ తర్వాత పలుగు. దంతె, పంగలకర్ర, ఫోర్కు లాంటి పళ్ళున్న పనిముట్లు ఎక్కడో ఆఖర్న గుర్తొస్తాయి. ఇవాళ వాటి గురించే నాలుగు మాటలు.

పార నేలలోకి దిగాలంటే రేకు ఎంత వెడల్పో అంత మేరా మట్టిని కోసుకుంటూ పోవాలి. నేల గట్టిదైతే ఒళ్ళు హూనమే. ఫోర్కుకు అలా కాదు. నేలకు తగిలేవి నాలుగు మొనలే. మన బరువంతా ఆ కాస్త చోటు మీదే పడుతుంది కాబట్టి సులువుగా దిగుతుంది. పార దారిలో అడ్డొచ్చిన వానపాములు తెగిపోతాయి. పళ్ళ మధ్య నుంచి చాలావరకు తప్పించుకుంటాయి.

అసలు తేడా గరిక పీకేటప్పుడు తెలుస్తుంది. పారతో తవ్వితే వేళ్ళు, కాడలు ముక్కలవుతాయి. కణుపున్న ముక్క మట్టిలో మిగిలితే మళ్ళీ మొలుస్తుంది. పీకామనుకుంటాం కానీ నాటినట్టే! ఫోర్కును కాస్త పక్కగా దింపి పిడిని మెల్లగా వెనక్కి వంచి చూడండి. మట్టి పొడిపొడిగా సందుల్లోంచి రాలిపోతుంది. కాడ మాత్రం పళ్ళకు చిక్కి పొడవుగా పైకొస్తుంది. బంగాళాదుంపలు తవ్వడానికీ ఇదే పద్ధతి. మొక్క మొదలుకు జానెడు దూరంలో దింపాలి. దగ్గరగా గుచ్చితే దుంపలకు చిల్లులు పడతాయి.

అందుకే పళ్ళ కన్నా పళ్ళ మధ్య ఖాళీయే ఎక్కువ పని చేస్తుందని నాకనిపిస్తుంది. ఏది ఆగాలి, ఏది జారిపోవాలి అనేదాన్ని బట్టే ఆ ఖాళీ. ఎండుగడ్డి ఎత్తడానికి రెండు మూడు పళ్ళు చాలు, పరకలు ఒకదానికొకటి పెనవేసుకునే ఉంటాయి. ఆ పళ్ళు సన్నగా, నున్నగా ఉంటేనే విదిలించగానే గడ్డి జారిపోతుంది. మాగిన ఎరువు ఎత్తాలంటే మాత్రం పళ్ళు ఎక్కువుండాలి, దగ్గర దగ్గరగా ఉండాలి. కంపోస్టు కుప్పను తిరగేయడానికీ అదే వాడొచ్చు. అలా తిరగేస్తే లోపలికి గాలి ఆడి, సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేస్తాయి.

ఫ్రాన్స్‌లో 1960ల్లో ఆంద్రే గ్రెలాఁ అనే ఆయన రెండు పిడులున్న వెడల్పాటి ఫోర్కు తయారుచేశారు. దాని మీద నిలబడి, రెండు పిడులూ పట్టుకుని వెనక్కి వాలితే చాలు. మట్టి తిరగబడదు, ఉన్నచోటే కాస్త లేచి గుల్లబారుతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్ళకు ఇలాంటిది బాగా నచ్చుతుంది.

ఒక తప్పు మాత్రం చేయకండి. ఫోర్కుతో రాళ్ళు పెకలించొద్దు, అది పలుగు పని. ఆ మాట నేను వినలేదు. ఒకసారి ఇంకొంచెం నొక్కితే వచ్చేస్తుందనుకుని రాయి కింద పెట్టి బలంగా నొక్కాను. రాయి కదల్లేదు, చివరి పన్ను వంగిపోయింది. ఆ పంటిని ఇనప గొట్టంలో దూర్చి వంచితే దారికొచ్చింది కానీ, మునుపటంత సూటిగా లేదు. కొనేటప్పుడు అతుకులు చూసుకోండి. తల మొత్తం ఒకే ఉక్కు ముక్కతో చేసింది ఎక్కువ కాలం వస్తుంది.

ఇక దంతె. రాలిన ఆకులు పోగేయడానికి, విత్తే ముందు మడి చదును చేయడానికి ఇంతకన్నా మంచి పనిముట్టు లేదు. పని మధ్యలో పక్కన పెట్టేటప్పుడు పళ్ళు నేల వైపే ఉండాలి. పైకి ఉంచితే, చూడక కాలేసినవాళ్ళకు పళ్ళు గుచ్చుకుంటాయి, పిడి ఎగిరొచ్చి మొహానికి కొడుతుంది. ఫోర్కుతో పని చేసేటప్పుడు చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. పొరపాటున పన్ను కాల్లో దిగితే గాయం చిన్నదిగా కనిపించినా లోతుగా ఉంటుంది. సబ్బు నీళ్ళతో కడిగి, వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళి టెటనస్ ఇంజెక్షన్ సంగతి అడగండి. ఉంటాను, నమస్కారం.