హీటర్ ఫ్యాన్ తిరగడం లేదా? మోటార్ మార్చే ముందు ఈ మాటలు వినండి

హోస్ట్: నమస్కారం. పాత బండ్ల కబుర్లకు స్వాగతం. ఈరోజు మనతో ఉన్న అన్న తిరుపతిలో ఆటో ఎలక్ట్రీషియన్. డైనమో, సెల్ఫ్ మోటార్, వైపర్ మోటార్, ఏది చెడిపోయినా విప్పి బాగుచేస్తారు. అన్నా, వినేవాళ్ల మనసులో ఉన్న ప్రశ్నతోనే మొదలుపెడతాను. మే నెలలో రోడ్డు మీద కాలు పెట్టలేని ఊరు మనది. ఇక్కడ కారులో హీటర్ ఎందుకు?

ఎలక్ట్రీషియన్: ముందు అద్దం కోసం అమ్మా. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన వైపు గట్టి వానలు. ఏసీ లేని పాత కారులో నలుగురు కూర్చుని కిటికీలు మూస్తే కాసేపటికే అద్దం లోపల ఆవిరి పట్టేస్తుంది. ఒక చేత్తో గుడ్డ, ఇంకో చేత్తో స్టీరింగ్ పట్టుకుని భాకరాపేట ఘాట్ దిగడం ఎంత టెన్షనో దిగినవాళ్లకు తెలుసు. డీఫ్రాస్టర్ గొట్టాల నుంచి అద్దం మీదికి గాలి తగిలితే ఆవిరి పోతుంది. ఆ గాలి కొట్టేది బ్లోయర్ మోటారే.

హోస్ట్: ఘాట్ ఎక్కేటప్పుడు కూడా హీటర్ వేస్తారని విన్నాను. నిజమేనా?

ఎలక్ట్రీషియన్: నిజమే. హీటర్ పెట్టెలో ఉండేది ఇంకో చిన్న రేడియేటర్. ఇంజన్ నుంచి వేడినీళ్లు దాని గుండా తిరిగి వెనక్కి పోతాయి. మొగిలి ఘాట్‌లోనో, హార్స్‌లీ హిల్స్ ఎక్కేటప్పుడో టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే హీటర్ వాల్వ్ పూర్తిగా తెరిచి, బ్లోయర్ ఫుల్‌గా పెట్టి, కిటికీలు దించేయాలి. లోపల ఉడికిపోతాం, కానీ ఇంజన్‌కు కొంత ఊపిరి అందుతుంది. అప్పట్లో కొండకు ట్యాక్సీలు తోలినవాళ్లకు ఇది బాగా తెలుసు. ఒక జాగ్రత్త: ముల్లు పైన ఉండి హీటర్ నుంచి చల్లగాలి వస్తుంటే రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోయి ఉండొచ్చు. వెంటనే బండి పక్కకు ఆపాలి. వేడి మీద మూత మాత్రం తెరవకూడదు.

హోస్ట్: సరే, స్విచ్ వేశాం, ఫ్యాన్ తిరగలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎలక్ట్రీషియన్: మోటార్ కాలిపోయిందని అప్పుడే తేల్చేయొద్దు. 'కాలిపోయింది, కొత్తది వేసేయండి' అని నా దగ్గరికి తెచ్చేవాటిలో నిజంగా కాలినవి తక్కువ. ముందు ఫ్యూజ్, తర్వాత స్విచ్, తర్వాత ఎర్త్, అంటే బండి బాడీకి కలిపే వైరు చూడాలి. మల్టీమీటర్‌తో మోటార్ దగ్గర వోల్టేజ్ కొలవండి. బ్యాటరీ దగ్గర 12 ఉండి మోటార్ దగ్గర 10 ఉంటే తప్పు మోటార్‌ది కాదు. తుప్పు పట్టిన ఎర్త్ పాయింట్‌దో, అరిగిన స్విచ్‌దో. కొన్ని బండ్లలో స్లో స్పీడ్ పోయి ఫాస్ట్ మాత్రమే పనిచేస్తుంది. అక్కడ స్పీడు తగ్గించే రెసిస్టర్ కాలిందని అర్థం, ఎందుకంటే ఫాస్ట్‌లో కరెంట్ రెసిస్టర్ గుండా పోదు.

హోస్ట్: అవన్నీ బాగానే ఉన్నాయనుకుందాం.

ఎలక్ట్రీషియన్: అప్పుడు చెయ్యి పెట్టి ఫ్యాన్ తిప్పి చూడాలి. చెట్టు కింద నిలిపిన బండి అయితే వేపాకు, చింతాకు, ఎలుక గూడు, అన్నీ ఆ పెట్టెలోనే ఉంటాయి. అది శుభ్రం చేశాక కూడా బిగువుగా ఉంటే బుష్ ఎండిపోయినట్టు. చేత్తో ఫ్రీగా తిరిగి, కరెంట్ ఇచ్చినా కదలకపోతే కార్బన్లు, అంటే తిరిగే భాగానికి కరెంట్ అందించే ముక్కలు చూడాలి. మోటార్ మీద మెల్లగా తడితే తిరిగిందా, కార్బన్ దాని గూట్లో ఇరుక్కుంది.

హోస్ట్: బుష్ ఎండడం అంటే?

ఎలక్ట్రీషియన్: ఈ మోటార్లలో చాలావాటికి బేరింగ్ ఉండదు, ఇత్తడి రంగు కంచు బుష్ ఉంటుంది, షాఫ్ట్ తిరిగేది ఆ చిన్న గొట్టంలోనే. ఆ కంచులో కంటికి కనపడని రంధ్రాలు, వాటి నిండా నూనె. ఏళ్ల తరబడి మన ఎండకు ఆ నూనె ఎండిపోతుంది, షాఫ్ట్ పట్టేస్తుంది. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. మోటార్ బాగా తిరుగుతున్నప్పుడు లోపల ఎదురు వోల్టేజ్ పుట్టి కరెంట్‌ను అదుపులో పెడుతుంది. తిరగడం మందగిస్తే ఆ అదుపు పోతుంది, కరెంట్ పెరిగిపోతుంది, ఫ్యూజ్ ఎగురుతుంది. అప్పుడు కొందరు పెద్ద ఫ్యూజ్ వేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. తర్వాత కాలేది డ్యాష్‌బోర్డ్ వెనక వైరు.

హోస్ట్: పైనుంచి స్ప్రే కొడితే సరిపోదా?

ఎలక్ట్రీషియన్: ఆ పల్చటి స్ప్రే మిగిలిన కాస్త నూనెను కూడా కడిగేస్తుంది. కొన్నాళ్లు తిరిగి మళ్లీ కీచుమంటుంది. మోటార్ విప్పాల్సిందే. విప్పే ముందు బాడీ మీద, మూతల మీద గీత పెట్టుకోండి, వాషర్ల వరుస ఫోన్‌లో ఫోటో తీసుకోండి. షాఫ్ట్ మీద సుత్తి దెబ్బ వద్దు. లోపల మ్యాగ్నెట్ పగిలితే ఇంక చేసేదేమీ లేదు. ఆర్మేచర్‌ను, అంటే లోపల తిరిగే భాగాన్ని థిన్నర్‌లో ముంచొద్దు, దాని తీగ చుట్ల (వైండింగ్) మీది వార్నిష్ కరుగుతుంది. బుష్‌ను పెట్రోల్‌తో కడగొద్దు. గోరువెచ్చని 30 గ్రేడ్ ఆయిల్‌లో రాత్రంతా నానబెట్టండి. తీసి, ఒక పక్క మూసి, లోపల ఆయిల్ పోసి బొటనవేలితో గట్టిగా నొక్కితే బయటి గోడ మీద నూనె చెమర్చాలి. చెమర్చిందంటే బుష్ బతికినట్టే.

హోస్ట్: కార్బన్లు దొరుకుతాయా?

ఎలక్ట్రీషియన్: దొరుకుతాయి, కానీ షాపులో ఒక్కోసారి మిక్సీ కార్బనో, డ్రిల్లింగ్ మిషన్ కార్బనో ఇస్తారు. సైజు సరిపోయినా పనికిరాదు. అవి 230 వోల్టులకు చేసినవి, 12 వోల్టుల మోటార్‌కు వాటి అడ్డు ఎక్కువ. రాగి కలిసిన కార్బన్ కావాలి, కాస్త ఎర్రగా మెరుస్తుంది. కార్ డైనమోదో, సెల్ఫ్‌దో పెద్ద కార్బన్ తెచ్చి నేను అరగదీసి సైజు చేస్తాను. కార్బన్లు రుద్దుకునే రాగి పలకల చుట్టు, అదే కమ్యుటేటర్, నల్లబడి ఉంటే సన్నటి గ్లాస్ పేపర్‌తో తుడవాలి. ఎమరీ పేపర్ వద్దు, దాని పొడి గాడుల్లో చిక్కుకుంటుంది. రాగి పలకల మధ్య కరెంట్ దాటనివ్వని మైకా పైకి లేచి ఉంటే సన్నటి బ్లేడుతో కిందికి గీరాలి. ఈ పని ఓపికగా చేస్తే ఆ మోటార్ మళ్లీ చాలా ఏళ్లు తిరుగుతుంది. ఆ కాలం మోటార్లు విప్పి బిగించుకునేలా చేశారమ్మా. పారేయడం నాకు అస్సలు ఇష్టం ఉండదు.

హోస్ట్: మార్చక తప్పని పరిస్థితి ఎప్పుడు?

ఎలక్ట్రీషియన్: వైండింగ్ నిజంగా కాలి, తిరిగి చుట్టేవాళ్లు దొరక్కపోతే. మ్యాగ్నెట్ పగిలితే. అప్పుడు మారుతి 800 లాంటి బండి మోటార్ పెట్టుకోవచ్చు, కానీ పాతది జేబులో వేసుకుని వెళ్లాలి. షాఫ్ట్ లావు, పొడుగు, బాడీ చుట్టుకొలత కొలవాలి. ఇంగ్లండ్ బండి షాఫ్ట్ పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు ఉండొచ్చు. కొత్త మోటార్‌ది 6 మిల్లీమీటర్లే ఉండొచ్చు. ఆ కాస్త తేడాకే ఫ్యాన్ ఊగి పెట్టెకు తగులుతుంది. లేత్‌లో స్లీవ్ చేయించి వేయాలి.

హోస్ట్: తిరిగే దిశ?

ఎలక్ట్రీషియన్: అదే ముఖ్యం! గుండ్రటి పంజరం లాంటి ఫ్యాన్ వెనక్కి తిరిగినా గాలి ముందుకే వస్తుంది, కానీ చాలా బలహీనంగా. అందుకే తప్పు ఎవరికీ తట్టదు. 1960ల మధ్య దాకా చాలా బ్రిటిష్ కార్లకు పాజిటివ్ ఎర్త్ ఉండేది, అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి. తర్వాత ఎవరో దాన్ని నెగటివ్‌కు మార్చి ఉంటారు. మ్యాగ్నెట్ మోటార్ అయితే అప్పుడు తలకిందులుగా తిరుగుతుంది, వైర్లు మార్చి కలపాలి. మ్యాగ్నెట్ బదులు తీగ చుట్ట ఉండే ఫీల్డ్ కాయిల్ మోటార్ అయితే ప్లస్, మైనస్ మార్చినా దిశ మారదు.

హోస్ట్: పాత విల్లీస్ జీపుల వాళ్లు కూడా మన షో వింటారు. వాటి సంగతి?

ఎలక్ట్రీషియన్: ముందు బ్యాటరీ చూడమనండి. మొదటి జీపులు 6 వోల్టులవి. వాటికి 12 వోల్టుల మోటార్ పెడితే నత్తనడక నడుస్తుంది. 6 వోల్టుల మోటార్‌ను 12కు మార్చిన జీపులో వదిలేస్తే కాలిపోతుంది. బండి 12కు మారి ఉంటే మోటార్ కూడా 12దే పెట్టాలి. బిగించే ముందు బల్ల మీద, మధ్యలో ఫ్యూజ్ పెట్టి, కాసేపు తిప్పి చూడాలి. కొత్త కార్బన్ కమ్యుటేటర్ మీద కూర్చోవడానికి కొంత సమయం పడుతుంది, మొదట్లో కొంచెం నిప్పురవ్వలు కనపడినా కంగారు పడనక్కర్లేదు. ఆ తర్వాతే పెట్టెలో బిగించండి. చుట్టూ ఫోమ్ కొత్తది వేయండి, లేకపోతే గాలి అద్దానికి పోకుండా కాళ్ల దగ్గరే కారిపోతుంది. గాలి వచ్చే దారికి సన్నటి జాలీ పెడితే వేపాకు మళ్లీ లోపలికి రాదు.

హోస్ట్: చాలా థ్యాంక్స్ అన్నా. వచ్చే ఎపిసోడ్‌లో వైపర్ మోటార్ గురించి మాట్లాడుకుందాం.