ముందు కరెంటు, తర్వాతే రంగు: పాత మోడల్ డీజిల్ ఇంజన్లను బాగుచేయడం

అందరికీ నమస్కారం. బల్ల మీదున్న ఈ నీలం అట్టపెట్టెల్ని చాలామంది గుర్తుపట్టే ఉంటారు. ఇవి అమెరికా మోడల్ రైళ్ళ కంపెనీ అథర్న్ వాళ్ళ పాత హెచ్‌ఓ డీజిల్ ఇంజన్లు. హెచ్‌ఓ అంటే కొలత 1:87, అసలు దానిలో 87వ వంతు; పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అమెరికాలో పాత సామాను అమ్మే రైలు మేళాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. అక్కడున్న మనవాళ్ళ సూట్‌కేసుల్లో ఇక్కడికీ వస్తుంటాయి.

ఇంజను చేతికి రాగానే మనసు రంగు మీదికి పోతుంది. కాస్త ఆగండి. ఇంజను నడవనప్పుడు ఎంత ముస్తాబు చేసినా అది అల్మారా బొమ్మే.

పైతొడుగు ఊడదీసి, 12 వోల్టుల డీసీ తీగలు రెండూ నేరుగా మోటారు బ్రష్ (మోటారు లోపలికి కరెంటు అందించే బొగ్గు ముక్క) క్లిప్పులకు ఆనించండి. చాలాసార్లు మోటారు గిర్రున తిరుగుతుంది. అంటే తప్పు మోటారుది కాదు, కరెంటు వచ్చే దారిది. ఈ ఇంజన్లలో ఒక పక్క చక్రాల కరెంటు బోగీ (చక్రాలు బిగించిన, మలుపులో తిరిగే చిన్న బండి) రేకు నుంచి పోత చట్రానికి, అక్కడి నుంచి మోటారు కింది క్లిప్పుకు వెళ్తుంది. రెండో పక్కది బోగీ మీద నిలువుగా లేచిన రేకు నుంచి, మోటారు నెత్తిన ఉన్న పొడవాటి ఇనప పట్టీకి వెళ్తుంది. ఇందులో టంకం ఎక్కడా లేదు, అన్నీ ఒకదానికొకటి ఆనుకున్నవే. ఏళ్ళ తరబడి మూలనపడితే ఆ ఆనుకునే చోటల్లా నల్లటి పొర కడుతుంది. అందుకే వేలితో నొక్కితే నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. ఉప్పుకాగితంతో రుద్దితే కొన్నాళ్ళు బాగానే ఉంటుంది. శాశ్వతంగా కావాలంటే బోగీ రేకు నుంచి మోటారుకు మెత్తటి సన్న తీగ టంకం పెట్టడమే. మలుపులో బోగీ తిరగాలి కాబట్టి తీగ కాస్త వదులుగా ఉండాలి.

చక్రాల సంగతి. పాతవి లోహపు పొడిని అచ్చులో నొక్కి కాల్చి చేసినవి. వాటి పైభాగం గరుకు, మురికి ఇట్టే పట్టేస్తుంది. తుడవడం దండగ. నికెల్ సిల్వర్ చక్రాలు కొని మార్చేయండి. బిగించాక రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం సుమారు 14.4 మిల్లీమీటర్లు రావాలి. తగ్గితే దారి చీలే పాయింట్ల దగ్గర పట్టాలు తప్పుతుంది.

గేర్ల డబ్బాలో పాత గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటుంది. దాని మీదే కొత్త నూనె పోయకండి. అన్నీ విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ప్లాస్టిక్‌కు హాని చేయని గ్రీజు ఆవగింజంత పెట్టండి. మోటారు బేరింగులకు ఒక్కో చుక్క నూనె చాలు. బ్రష్‌లు రాసుకునే రాగి భాగానికి, అంటే కమ్యుటేటర్‌కు, నూనె తగలకూడదు, తగిలితే బొగ్గు పొడితో కలిసి ముద్దవుతుంది. బ్రష్‌లు తీసేటప్పుడు మోటారును పెద్ద పాలిథిన్ కవరులో పెట్టి తీయండి. స్ప్రింగు ఎగిరినా కవరులోనే పడుతుంది. నేల మీద వెతికే పని తప్పుతుంది.

ఇక పక్కనున్న ఈ ఇంజను చూడండి. ఇది లైఫ్‌లైక్ అనే మరో కంపెనీ వాళ్ళ ప్రోటో 2000 వరుసలోని జీపీ9, నాలుగిరుసుల ఇంజను. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా టక్, టక్ అంటోంది. కింది మూత తీసి భూతద్దంతో చూస్తే ఇరుసు మీది ప్లాస్టిక్ గేరు బొడ్డు దగ్గర వెంట్రుకంత చీలిక కనబడుతుంది. లోహపు ఇరుసు మీద ప్లాస్టిక్ బిగుసుకుని, ఏళ్ళు గడిచాక చీలింది. చీలిక దగ్గర రెండు పళ్ళ మధ్య ఎడం పెరిగింది, దాన్ని తిప్పే పక్క గేరు అక్కడే తట్టుకుంటోంది. జిగురు ఈ ప్లాస్టిక్‌కు అంటదు, అంటినా ఆ ఎడం పోదు. ఒకటే చీలినా నాలుగూ మార్చండి. మిగతా మూడూ ఆ వయసువే.

డీసీసీ డీకోడర్ (పట్టాల గుండా వచ్చే డిజిటల్ ఆదేశాలతో ఇంజన్ను నడిపే చిన్న సర్క్యూట్) పెట్టేవాళ్ళకు ఒక హెచ్చరిక. అథర్న్ మోటారు కింది క్లిప్పు చట్రానికి తగులుతూ ఉంటుంది. దాని కొక్కేలు కత్తిరించి, కింద కరెంటు దాటనివ్వని క్యాప్టన్ టేపు వేసి, రెండు బ్రష్‌లకూ చట్రానికీ మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. బీప్ వినిపిస్తే అక్కడే ఆగిపోండి, లేకపోతే డీకోడర్ కాలిపోతుంది. ఎరుపు, నలుపు తీగలు పట్టాలకు. నారింజ, బూడిద రంగువి మోటారుకు. మోటారును వేళ్ళతో పట్టి ఆపి, 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు లాగుతోందో రెండు క్షణాలు కొలవండి. డీకోడర్ తట్టుకునే హద్దు దాటితే మోటారు మార్చాల్సిందే.

ఇప్పుడు ముస్తాబు. పాత రంగు తీయడానికి పైతొడుగును మూతున్న డబ్బాలో ఐసోప్రొపైల్‌లో నానబెట్టి, అరగంటకోసారి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట వద్దు. అసిటోన్, థిన్నర్ తగిలితే ప్లాస్టిక్ కరిగిపోతుంది. బ్రిటన్‌లో కొందరు డెటాల్ వాడతారు. పని చేస్తుంది గానీ, వెంటనే నీళ్ళతో కడిగితే ఊడిన రంగు జిడ్డు ముద్దై మళ్ళీ అంటుకుంటుంది.

అచ్చులో పోసిన చేతిపట్టీలను చదునైన బ్లేడుతో చెక్కేసి, 0.3 మిల్లీమీటర్ల ఇత్తడి తీగతో కొత్తవి వంచి పెట్టండి. 87తో గుణిస్తే 26 మిల్లీమీటర్లు. అసలు ఇంజను మీది కడ్డీ కన్నా కాస్త లావే, అయినా కంటికి ఒప్పుతుంది. ముందు సూదితో గుంట పెట్టి, 0.35 డ్రిల్లును చేత్తోనే తిప్పండి, గుంట లేకపోతే మొన జారుతుంది. తీగ కింద అట్టముక్క పెడితే అన్నీ ఒకే ఎత్తులో నిలుస్తాయి. సూపర్ గ్లూ లోపలి వైపు నుంచే.

ఈ శ్రమంతా దేని మీద పెడుతున్నారో ముందే చూసుకోండి. అథర్న్ పాత జీపీ9, జీపీ35లకు అప్పటి లావు మోటారు పట్టాలని హుడ్ (ఇంజను మీది పొడవాటి పెట్టె) వెడల్పు చేశారు. ఎన్ని పట్టీలు పెట్టినా ఆ పొట్ట దాగదు. తర్వాత వచ్చిన జీపీ38-2 నయం. దీన్నే మన రైల్వే డీజిల్ ఇంజను డబ్ల్యూడీఎం-2గా మార్చొచ్చా అని అడుగుతుంటారు. వద్దు. అది అమెరికా కంపెనీ ఆల్కో డిజైను, ఆరు ఇరుసులది. ఇది ఈఎండీ అనే మరో కంపెనీది, నాలుగిరుసులది. పైగా మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్ ఈ కొలతలో 19.3 అవుతుంది, మన పట్టాలేమో 16.5.

డికాల్స్ (నీళ్ళలో నానబెట్టి అంటించే అక్షరాలు, గుర్తులు) అంటించే ముందు నిగనిగలాడే క్లియర్ కోటు వేయండి. గరుకు రంగు మీద అంటిస్తే కింద గాలి నిలిచి వెండి మచ్చల్లా మెరుస్తాయి. చివరి మ్యాట్ కోటు ఎండాకే కిటికీ అద్దాలు పెట్టాలి. వాటికి తెల్ల ఫెవికాల్ చాలు, సూపర్ గ్లూ ఆవిరికి అద్దం పొగబారుతుంది.