ఆర్మేనియా భోజనం రివ్యూ: ‘సాంప్రదాయ’ ప్లేటులో నిజంగా పాతది ఎంత?

నమస్తే అండి. ఆర్మేనియా రాజధాని యెరెవాన్ నడిబొడ్డున ఏ హోటల్లో కూర్చున్నా మెనూ మొదటి పేజీలో ‘ఆర్మేనియా సాంప్రదాయ వంటలు’ అని ఉంటుంది. కింద ఫొటో కూడా దాదాపు ఒకటే. ఇనప చువ్వలకు గుచ్చి కాల్చిన పంది మాంసం, పైన ఉల్లిపాయ ముక్కలు, పక్కన మడత పెట్టిన లవాష్ రొట్టె. వచ్చిన టూరిస్టులు అదే చెప్తారు, అదే ఫొటో తీసుకుంటారు, వెళ్లిపోతారు.

నా తీర్పు ముందే చెప్పేస్తాను, వీడియో చివరిదాకా ఊరించను. ఆ ప్లేటు బాగానే ఉంటుంది. కానీ ఈ దేశం వంటగది అసలు బలం అందులో లేదు. గోధుమలో ఉంది, పెరుగులో ఉంది, కొండల మీద ఏరుకొచ్చే ఆకుకూరల్లో ఉంది. గత నూరేళ్లలో ఆర్మేనియాకు జరిగినవన్నీ, అంటే ఊచకోత, సోవియట్ పాలన, కరవు, యుద్ధం, ఈ భోజనంలో కనపడతాయి. మెనూ మాత్రం ఆ సంగతి చెప్పదు.

లవాష్‌తో మొదలుపెడదాం. నేలలోకి దింపి కట్టిన మట్టి పొయ్యి ఉంటుంది, దాన్ని తోనిర్ అంటారు, తందూరుకు దగ్గర చుట్టం. ఒకావిడ పిండి ఒత్తుతుంది, ఇంకొకావిడ చేతుల మీద అటూ ఇటూ ఎగరేసి సాగదీసి ఒక పొడుగాటి దిండు మీద పరుస్తుంది. ఆ దిండుతోనే తోనిర్ లోపలి గోడకు చటుక్కున కొడతారు. రొట్టె అక్కడే అతుక్కుని నిమిషంలో కాలిపోతుంది. ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, ఇరుగుపొరుగు ఆడవాళ్లు కలిసి కూర్చోవాల్సిందే. పల్లెల్లో చలికాలానికి సరిపడా కాల్చి, ఆరబెట్టి, దొంతరలు పేర్చి దాచుకునేవారు. తినేముందు నీళ్లు చిలకరించి గుడ్డ కప్పితే మళ్లీ మెత్తబడుతుంది. కొత్తగా పెళ్లైన జంట ఇంట్లోకి వస్తుంటే వాళ్ల భుజాల మీద లవాష్ వేయడం కూడా ఆచారం.

2014లో యునెస్కో దీన్ని ఆర్మేనియా పేరుతో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 2016లో అజర్‌బైజాన్, ఇరాన్, కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, టర్కీ కలిసి ఇంకో నామినేషన్ వేసి గుర్తింపు తెచ్చుకున్నాయి, అందులోనూ లవాష్ ఉంది. రొట్టె ఎవరిదన్న పంచాయితీ మనకెందుకు గానీ, రుచి సంగతి చెప్తాను. గార్నీ గుడి దగ్గర తోనిర్ లోంచి అప్పుడే తీసిన లవాష్‌లో చీజ్, పచ్చి ఆకులు చుట్టి తింటే పదికి తొమ్మిది. సూపర్‌మార్కెట్లో ప్లాస్టిక్ కవర్లో దొరికేదానికి నాలుగు. ఇప్పుడు నగరంలో చాలా ఇళ్లలో తినేది ఆ నాలుగు మార్కుల రొట్టే.

మార్కెట్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మష్తోత్స్ అవెన్యూలో 1952 నాటి పాత కప్పు మార్కెట్ భవనం ఉంది, ముఖద్వారం మీద చెక్కడం ఎంత బాగుంటుందో. ఒకప్పుడు లోపలంతా ఎండిన ఆప్రికాట్లు, వాల్‌నట్లు, జున్ను, ఊరగాయలు. గత దశాబ్దంలో దాన్ని సూపర్‌మార్కెట్‌గా మార్చేశారు, అప్పట్లో జనం రోడ్డెక్కి నిరసన చెప్పారు కూడా. బయట గోడ పాతది, లోపల ట్రాలీలు. మీరు వెళ్తే దానికి ఫొటో మాత్రం తీసుకుని, కొనడానికి గుమ్ మార్కెట్‌కు వెళ్లండి.

ఖొరొవాట్స్, అంటే ఆ చువ్వల మాంసం. మంట పని మగవాళ్లది. ద్రాక్ష తీగల ఎండు కట్టెలు కాల్చి, మంట ఆరి నిప్పులయ్యాక చువ్వలు పెడతారు. మాంసానికి ఏడు. కానీ దాని పక్కన వంకాయ, టమాటా, క్యాప్సికం కూడా చువ్వలకు గుచ్చి కాలుస్తారు చూడండి, తొక్క తీసి ముక్కలు చేసి ఉల్లిపాయ, కొత్తిమీర, తులసి జాతి ఆకు కలుపుతారు, దానికి ఎనిమిదిన్నర. మన కాల్చిన వంకాయ పచ్చడి తిన్న నాలుకకు ఇది పరాయిది అనిపించదు. ఇంతకన్నా ఖొరొవాట్స్ గురించి చెప్పను, యూట్యూబ్ నిండా అదే ఉంది.

ఇప్పుడు ఈ రివ్యూలో నాకు బాగా నచ్చిన విషయం. పేరు అవెలూక్. మార్కెట్లో ఎండిపోయిన జడల్లా వేలాడుతూ ఉంటాయి, చూడగానే తినే వస్తువని ఎవరూ అనుకోరు. అది కొండల్లో దానంతట అదే మొలిచే ఆకు. వృక్షశాస్త్రంలో మన చుక్కకూరదీ దీనిదీ ఒకే ప్రజాతి, రూమెక్స్. పచ్చిగా ఉన్నప్పుడు చేదు. అందుకే వసంతకాలంలో కోసుకొచ్చి, జడలుగా అల్లి, నీడలో ఆరబెడతారు. ఆరుతూ ఉండగా చేదు విరిగి ఒక లోతైన పులుపు వాసన వస్తుంది. చలికాలంలో నానబెట్టి ఉడికించి, నీళ్లు పారబోసి, వెల్లుల్లి, వాల్‌నట్ పొడి కలిపి, పైన మాట్సున్ వేస్తారు. మాట్సున్ అంటే వాళ్ల పెరుగు, కొంచెం గట్టిగా, కొంచెం పుల్లగా ఉంటుంది. పదికి తొమ్మిదిన్నర. ఆ అర మార్కు కూడా ఎందుకు తగ్గించానంటే, చాలా హోటళ్లలో దీన్ని చిన్న గిన్నెలో ఏదో అలంకారానికి పెట్టినట్టు పెడతారు.

ఇది ఊరికే దొరికిన రుచి కాదు. ఆర్మేనియా 301లోనే క్రైస్తవాన్ని రాజమతంగా తీసుకుంది అని వాళ్ల సంప్రదాయం చెప్తుంది. వాళ్ల చర్చి క్యాలెండర్‌లో ఉపవాసాలు చాలా ఎక్కువ, పెద్ద ఉపవాసం రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ఏవీ ఉండవు. అంటే వందల ఏళ్లు ఈ దేశంలో ప్రతి ఇల్లాలికీ శాకాహార వంట వచ్చి తీరాలి. పసూత్స్ తోల్మా అలా పుట్టిందే. క్యాబేజీ ఆకులో శనగలు, చిక్కుడు గింజలు, కందుల్లాంటి పప్పు, గోధుమ రవ్వ చుట్టి చల్లగా తింటారు. ఎనిమిది మార్కులు. మాంసంతో చేసే ద్రాక్షాకు తోల్మా కన్నా నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

మరి ఇంత ఉన్నా మెనూలో మాంసమే ఎందుకు ముందుకొచ్చింది? ఇక్కడే సోవియట్ కాలం వస్తుంది. 1920 చివర్లో ఆర్మేనియా సోవియట్ పాలనలోకి వెళ్లింది. చర్చి మీద ఒత్తిడి, ఉపవాసాలు పక్కకు, వంటలు క్యాంటీన్ల చేతికి. తమాషా ఏంటంటే, మొత్తం సోవియట్ యూనియన్ తిండిని మార్చిన మంత్రి అనస్తాస్ మికోయాన్ ఆర్మేనియా వాడే, సనాహిన్ అనే ఊళ్లో పుట్టాడు. 1936లో అమెరికా వెళ్లి ఫ్యాక్టరీలు చూసొచ్చి, ఐస్‌క్రీమ్, సాసేజ్, డబ్బాల్లో పెట్టిన ఆహారం పెద్ద ఎత్తున తయారు చేయించాడు. ఆ ప్రభావం ఇంకా పోలేదు. కొత్త సంవత్సరం రోజు ఆర్మేనియా ఇంటికి వెళ్తే టేబుల్ మీద తోల్మా ఉంటుంది, పక్కనే మయోనీస్‌లో ముంచిన ఒలివియే సలాడ్ ఉంటుంది, బంగాళాదుంప, బఠానీ, సాసేజ్ ముక్కలతో. ‘ఇది మీ సాంప్రదాయమేనా’ అని అడిగితే ‘మా అమ్మమ్మ కూడా చేసేది కదా’ అంటారు. అదీ నిజమే. మార్కులు మాత్రం అయిదు. మయోనీస్ అంటే నాకు పడదు, ఒప్పుకుంటాను.

సోవియట్ దెబ్బ చేప మీద ఇంకా గట్టిగా పడింది. సేవాన్ సరస్సులో ఇష్‌ఖాన్ అనే ట్రౌట్ చేప ఉండేది, ఆ సరస్సుకే సొంతం. 1930ల నుంచి విద్యుత్తుకు, సాగుకు నీళ్లు తోడి తోడి సరస్సు మట్టం సుమారు 20 మీటర్లు దింపేశారు. చేపలు గుడ్లు పెట్టే చోట్లు ఎండిపోయాయి. దానికి ముందే, 1920ల్లో, బయటి నుంచి సిగ్ అనే చేపను తెచ్చి వదిలారు. ఇప్పుడు ఇష్‌ఖాన్ అంతరించే జాబితాలో ఉంది, సిగ్ కూడా వేట ఎక్కువై తగ్గిపోయింది. కాబట్టి మెనూలో ‘సేవాన్ ఇష్‌ఖాన్’ అని రాసి ఉంటే, అది చెరువుల్లో పెంచిన ట్రౌటేనా అని అడగండి. అవునంటే హాయిగా తినండి.

సోవియట్ కూలే రోజుల్లో పరిస్థితి ఇంకో రకం. 1988లో భూకంపం, తర్వాత కరాబాఖ్ అనే కొండ ప్రాంతం కోసం అజర్‌బైజాన్‌తో యుద్ధం, సరిహద్దుల దిగ్బంధం. 1990ల మొదట్లో యెరెవాన్‌లో కరెంటు రోజుకు గంటో రెండు గంటలో, రొట్టె మనిషికి 250 గ్రాముల రేషన్. ఆ రోజులు చూసిన వాళ్లు ఇప్పుడు అతిథి వస్తే టేబుల్ మీద ఖాళీ కనపడనివ్వరు. ‘ఇంత మాంసం ఎందుకండీ’ అని మనం అనుకుంటాం, ఆ వయసు వాళ్లతో అనకండి.

హరీసా దగ్గర మన హైదరాబాద్ వాళ్లు కాస్త ఆగాలి. పొట్టు తీసిన గోధుమ, కోడి లేదా గొర్రె మాంసం, ఉప్పు. రాత్రంతా సన్నటి సెగ మీద కలుపుతూ, మాంసం ఎక్కడుందో తెలియనంతగా కలిసిపోయాక, పైన వెన్న. అంతే. మసాలా లేదు, అల్లం లేదు, పప్పు లేదు. 2010లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన మన హలీంకు ఇది చుట్టమే, కానీ అసలు పోలిక బార్కస్‌లో దొరికే హరీస్‌తో. రెండూ ఒకే పాత గోధుమ-మాంసం వంట కొమ్మలు. హలీం ఊహించుకుని తింటే చప్పగా అనిపిస్తుంది. పక్కన ఇచ్చే ఊరవేసిన కూరగాయలతో తినండి, అప్పుడు ఎనిమిది.

కానీ హరీసాను హోటల్లో తినడం సగం సంగతే. 1915లో ఒట్టోమన్ పాలకులు ఆర్మేనియన్లను ఊళ్ల నుంచి తరిమి చంపుతున్నప్పుడు, మధ్యధరా తీరంలో మూసా దాగ్ కొండ ఊళ్ల వాళ్లు లొంగకుండా కొండెక్కి పోరాడారు. సెప్టెంబర్‌లో ఫ్రెంచ్ యుద్ధనౌకలు వచ్చి 4,000 మందికి పైగా జనాన్ని కాపాడాయి. ఆ వారసులు కొందరు లెబనాన్‌లోని అంజార్‌లో, కొందరు ఆర్మేనియాలో ముసాలెర్ ఊళ్లో స్థిరపడ్డారు. ఏటా సెప్టెంబర్‌లో ముసాలెర్ స్మారకం దగ్గర పెద్ద పెద్ద కాగుల్లో రాత్రంతా హరీసా వండి, డోలు, సన్నాయి లాంటి జుర్నా వాయిస్తూ, తెల్లారాక వచ్చిన అందరికీ పంచుతారు. ప్రయాణం ప్లాన్ చేసుకునే వాళ్లు సెప్టెంబర్ పెట్టుకోండి.

1915లో బతికి బయటపడ్డ వాళ్లు సిరియా, లెబనాన్ చేరారు కదా, వాళ్ల వంట వేరే దారి పట్టింది. మిరప ముద్ద, దానిమ్మ పులుసు, జీలకర్ర వచ్చి చేరాయి. 2011 తర్వాత సిరియా యుద్ధంతో అలెప్పో ఆర్మేనియన్లు వేల మంది యెరెవాన్ వచ్చి హోటళ్లు పెట్టారు. కారం లేక నాలుక చచ్చిపోయిందనే మన వాళ్లకు నేను చెప్పేది అదే, వాళ్ల దగ్గరికి వెళ్లండి. పల్చటి రొట్టె మీద కారం మాంసం పరిచి కాల్చిన లహ్మాజో, నిమ్మకాయ పిండుకుని, తాన్ అనే ఉప్పు మజ్జిగతో. ఎనిమిది.

అన్నిటికన్నా పైన నేను పెట్టేది ఝింగ్యలోవ్ హాట్స్. ఇది కరాబాఖ్ వంట, వాళ్లు ఆర్త్సాఖ్ అంటారు. పల్చటి పిండిలో పది నుంచి ఇరవై రకాల ఆకులు సన్నగా తరిగి నింపి, అంచులు మూసి, ఇనప పెనం మీద నూనె లేకుండా కాలుస్తారు. కొన్ని ఆకులు తోటవి, కొన్ని అడవివి. ఒక్కో ముక్కకు ఒక్కో రుచి తగులుతుంది. పదికి పది, మాట మార్చను. 2023 సెప్టెంబర్‌లో లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు కరాబాఖ్ వదిలి వచ్చేశారు. ఇప్పుడు యెరెవాన్‌లో ఈ రొట్టె కాల్చి అమ్మేవాళ్లలో అలా వచ్చిన ఆడవాళ్లున్నారు. కొండ మారింది కాబట్టి కొన్ని ఆకులు దొరకవు, పాలకూర కలిపి సర్దుకుంటున్నారు. అడిగితే ఏ ఆకు లేదో వాళ్లే చెప్తారు. శాకాహారులు మొహమాటపడకుండా రెండు తీసుకోండి, ఇందులో పాలు, గుడ్డు కూడా ఉండవు.

ఇక ఖాష్ సంగతి అడుగుతారని తెలుసు. ఆవు కాళ్లు రాత్రంతా ఉడికించి పొద్దున్నే తాగే పులుసు, అందులో ఎండు లవాష్ నలిపి వేసుకుని, వెల్లుల్లి ఎవరికి కావాల్సినంత వాళ్లు కలుపుకుంటారు, పక్కన వోడ్కా. అది చలికాలం వంట, నేను వెళ్లింది వేసవిలో, కాబట్టి మార్కులు లేవు. యెరెవాన్‌లో ఎంబీబీఎస్ చదువుతున్న మన పిల్లలు ఎవరైనా జనవరిలో తిని ఉంటే, వెల్లుల్లి ఎంత వేసుకున్నారో, ఆ రోజు క్లాసుకు ఎలా వెళ్లారో కింద రాయండి.