మన టి కణాలే మన ఇన్సులిన్ మీద పడితే

అందరికీ నమస్కారం. పిల్లలకు టైప్ 1 షుగర్ అని తేలగానే చాలామంది తల్లిదండ్రులకు వచ్చే మొదటి అనుమానం, "స్వీట్లు ఎక్కువ పెట్టామా?" అని. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. తీపి తిన్నందువల్ల వచ్చే జబ్బు కాదిది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను మన టి కణాలే, అంటే రోగాలతో పోరాడాల్సిన తెల్ల రక్తకణాలే, చంపేయడం వల్ల వస్తుంది. మరి మిగతావాళ్లలో అవి ఎందుకు ఊరుకుంటున్నాయి? అసలు ప్రశ్న ఇది.

టి కణాలకు తర్ఫీదు ఇచ్చేది ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి. ఇక్కడో విచిత్రం ఉంది. ఇన్సులిన్‌తో ఏ పనీ లేని ఈ గ్రంథి కూడా కాస్త ఇన్సులిన్ తయారుచేస్తుంది, కేవలం టి కణాలకు చూపించడానికి! దాన్ని గట్టిగా పట్టుకున్న టి కణం సాధారణంగా అక్కడే చచ్చిపోతుంది. ఇన్సులిన్ జన్యువు పక్కనే ఒక డీఎన్ఏ ముక్క ఉంటుంది, కొందరిలో పొట్టిగా, కొందరిలో పొడుగ్గా. అది పొడుగ్గా ఉన్నవాళ్ల థైమస్‌లో ఇన్సులిన్ ఎక్కువ తయారవుతుంది, వాళ్లకు ఈ జబ్బు ముప్పూ తక్కువే.

అయినా కొన్ని కణాలు తప్పించుకుంటాయి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా. వాటిని అదుపులో ఉంచేవి నియంత్రక టి కణాలు. 2025 వైద్య నోబెల్ వీటికి సంబంధించిన పరిశోధనకే దక్కింది. వీటికి కీలకమైన ఫాక్స్‌పీ3 జన్యువు పాడైతే నెలల పసికందుకే షుగర్ రావచ్చు. క్యాన్సర్‌కు వాడే కొన్ని మందులు టి కణాలకున్న పీడీ-1 అనే బ్రేకును తీసేస్తాయి. అలాంటి మందు పడ్డ కొద్దిమందిలో, అంతకుముందు షుగర్ లేకపోయినా, బీటా కణాలు దెబ్బతిని జీవితాంతం ఇన్సులిన్ తీసుకోవాల్సి వస్తోంది. అంటే పెద్దయ్యాక కూడా ఈ కాపలా రోజూ నడుస్తూనే ఉండాలన్నమాట.

కాపలా ఎందుకు సడలుతుంది? టి కణాలకు ప్రోటీన్ ముక్కలను చూపించడంలో పనికొచ్చే హెచ్ఎల్ఏ జన్యువుల పాత్ర పెద్దది. వైరస్‌ల మీద కూడా గట్టి అనుమానాలున్నాయి. సడలిన సంగతి మాత్రం రక్తపరీక్షలో ముందే తెలుస్తుంది. ఇన్సులిన్, గాడ్65 (బీటా కణాల్లో ఉండే ఒక ప్రోటీన్) వంటి వాటికి వ్యతిరేకంగా రెండు రకాల యాంటీబాడీలు కనిపిస్తే, షుగర్ నార్మల్‌గా ఉన్నా జబ్బు మొదలైనట్టే లెక్క. దాహం, అతిమూత్రం, బరువు తగ్గడం ఏళ్ల తర్వాత రావచ్చు. అందుకే టైప్ 1 ఉన్నవాళ్ల పిల్లలకు, తోబుట్టువులకు ఈ పరీక్ష చేయించమంటాను.

తెలుసుకుని ఏం లాభం అంటారా? 2022లో అమెరికా అనుమతించిన, టి కణాల దాడిని నెమ్మదింపజేసే టెప్లిజుమాబ్ అనే మందును, యాంటీబాడీలు ఉండి షుగర్ అప్పుడప్పుడే అదుపు తప్పుతున్న దశలో 14 రోజులు ఎక్కిస్తారు. ట్రయల్‌లో అది జబ్బు బయటపడటాన్ని సగటున రెండేళ్లు వెనక్కి నెట్టింది. నయం చేయదు. అయినా ఎనిమిదేళ్ల పిల్లకు సూది లేకుండా రెండేళ్లు గడవడం తక్కువేమీ కాదని నా అభిప్రాయం. ఇక ప్రశ్నలు అడగండి.