మమ్మీకి చుట్టిన పుస్తకం: ఎట్రుస్కన్ భాష

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

1848లో మిహాయిలో బారిచ్ అనే క్రొయేషియా దేశస్థుడు అలెగ్జాండ్రియాలో ఒక స్త్రీ మమ్మీని కొనుక్కున్నాడు. దాన్ని వియన్నాలో తన ఇంట్లో, వచ్చినవాళ్లందరికీ కనబడేట్టు పెట్టుకుని, ఒంటికి చుట్టిన అవిసెనార బట్టను విప్పించి విడిగా దాచాడు. ఆయన పోయాక అది జాగ్రెబ్ మ్యూజియానికి చేరింది. ఆ పేలికల మీద రాత ఉందని 1867లో హైన్రిష్ బ్రుగ్ష్ అనే ఈజిప్టు శాస్త్రవేత్త గమనించాడు గాని, అది ఇటలీలో ఎప్పుడో అంతరించిన ఎట్రుస్కన్ భాష అని 1891లో యాకోబ్ క్రాల్ తేల్చేదాకా ఎవరికీ తట్టలేదు. శవానికి చుట్టడానికి ఎవరో ఒక బట్ట పుస్తకాన్ని పేలికలుగా చింపారన్నమాట. ఏయే తిథికి ఏ దేవుడికి ఏం సమర్పించాలో చెప్పే పూజావిధుల గ్రంథం అది. దాదాపు 1200 మాటలు చదవడానికి వీలుగా మిగిలాయి. ఎట్రుస్కన్‌లో మనకు దొరికిన అతి పొడవైన రచన ఇదే.

"చదవడానికి వీలుగా" అన్నాను. దాన్ని కొంచెం వివరించాలి. ఎట్రుస్కన్ లిపి ఎవరికీ అంతుపట్టని లిపి అని పత్రికల్లో తరచుగా రాస్తుంటారు. అది పొరపాటు. ఆ లిపి గ్రీకుల నుంచి వచ్చింది, అక్షరాలన్నీ తెలిసినవే. తెలుగు లిపిలో అచ్చయిన గోండీ వాచకం చేతికిస్తే మనం తడుముకోకుండా చదివేస్తాం, అర్థం మాత్రం అందీ అందకుండా ఉంటుంది. అయితే గోండీ మనకు చుట్టం కాబట్టి నాలుగు మాటలైనా తగులుతాయి. ఎట్రుస్కన్‌కు అటువంటి చుట్టాలు లేరు. చుట్టూ ఉన్న లాటిన్, ఉంబ్రియన్, గ్రీకు అన్నీ ఇండో-యూరోపియన్ భాషలే. ఇది ఆ కుటుంబానికి చెందదు. లెమ్నోస్ ద్వీపంలో 1885లో దొరికిన ఒక రాతిశాసనపు భాష, ఆల్ప్స్ కొండల్లోని రేటిక్ అనే భాష దీనికి దగ్గరివని తేలింది గాని, ఆ రెండింటి గురించి మనకు ఇంతకన్నా తక్కువే తెలుసు.

మరి అర్థాలు ఎలా తెలిశాయి? గోరంత గోరంతగా. ఉదాహరణకు, ఇటలీలో దొరికిన రెండు దంతపు పాచికల మీద చుక్కలకు బదులు ఆరు మాటలున్నాయి: థు, జల్, కి, సా, మఖ్, హుథ్. ఒకటి నుంచి ఆరు వరకు అంకెలివేనని చూడగానే తెలుస్తుంది, ఏది ఏ అంకో మాత్రం పాచిక చెప్పదు. 1964లో రోమ్‌కు వాయవ్యాన పిర్గి అనే పాత రేవులో, గుడి శిథిలాల దగ్గర మూడు బంగారు రేకులు బయటపడ్డాయి. రెండు ఎట్రుస్కన్‌లో, ఒకటి మనకు అర్థమయ్యే ఫినీషియన్‌లో. తెఫారియె వెలియనాస్ అనే పాలకుడు ఊని అనే దేవతకు చేసిన సమర్పణ అది. ఫినీషియన్ రేకులో ఆ దేవత పేరు అస్తార్తె. ఫినీషియన్‌లో పాలన మూడో ఏడాది అని ఉన్నచోట ఎట్రుస్కన్‌లో "కి అవిల్" అని ఉంది. అవిల్ అంటే ఏడాది అని సమాధుల మీది వయసుల వల్ల ముందే తెలుసు కనుక, కి అంటే మూడు అన్నది స్థిరపడింది. నాలుగు, ఆరు మాత్రం ఇప్పటికీ తగవే: హుథ్ నాలుగంటారు కొందరు, కాదు ఆరంటారు మరికొందరు.

ఇక వ్యాకరణం, తెలుగువాళ్లకు సరదా పుట్టించే భాగం. క్లన్ అంటే కొడుకు, క్లెనర్ అంటే కొడుకులు, క్లెనరసి అంటే కొడుకులకు. మన మాటలోలాగే బహువచనం ఒక ముక్క, విభక్తి దాని వెనుక ఇంకో ముక్క. లాటిన్‌లో "ఫీలియీస్" అంటే కొడుకులకు అనే అర్థమే వస్తుంది గాని, ఆ చివరి ముక్కలో బహువచనం ఎక్కడ ముగిసిందో, విభక్తి ఎక్కడ మొదలైందో విడదీయలేం. పైగా ఎట్రుస్కన్‌లో మనుషులకు -ర్ ఒక బహువచనం, వస్తువులకు -ఖ్వ వంటిది వేరొకటి. "వారు" వేరు, "అవి" వేరు అనుకునే మనకు ఇది వింటే చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఎట్రుస్కన్‌ను ద్రావిడ భాషలతో ముడిపెట్టాలని చూసినవాళ్లు లేకపోలేదు. అయితే ఇలా ముక్కలు పేర్చే పద్ధతి టర్కిష్‌లోనూ, హంగేరియన్‌లోనూ ఉంది. చుట్టరికం తేలాలంటే రోజువారీ మాటల్లో ధ్వనులు ఒక క్రమంలో కలవాలి. క్లన్, కి, అవిల్ ఒకపక్క, కొడుకు, మూడు, ఏడాది ఒకపక్క పెట్టి చూడండి. ఆ ముచ్చట అక్కడితో తీరిపోతుంది.

ఇంకో చిత్రం. తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అని మనం గర్వంగా చెప్పుకుంటాం, రెండూ అజంత భాషలని. ఆ ఇటాలియన్‌కు పుట్టిల్లయిన టస్కనీ పేరే ఎట్రుస్కన్‌ల నుంచి వచ్చింది. కాని వారి భాష క్రమంగా అచ్చులను మింగేసింది. మాట మొదట్లో ఊనిక బలపడి, నడుమ అచ్చులు రాలిపోయాయి. కంచు అద్దాల మీద గ్రీకు కథల బొమ్మలు చెక్కి, ట్రాయ్ రాకుమారుడు అలెగ్జాండ్రోస్ పక్కన వాళ్లు రాసిన పేరు "ఎల్క్‌స్న్‌త్రె". పలకడానికి మన నాలుక ఒప్పుకోదు.

రోమన్ చక్రవర్తి క్లాడియస్ గ్రీకులో ఎట్రుస్కన్‌ల చరిత్రను 20 సంపుటాలు రాశాడు. అందులో ఒక్కటీ మిగలలేదు. ఆయనకన్నా ముందు, అగస్టస్ చివరి రోజుల్లో జరిగినట్టు రోమన్ రచయిత సుయెటోనియస్ చెప్పిన ఒక కథ మాత్రం మిగిలింది. విగ్రహం కింద చెక్కిన సీజర్ (CAESAR) అనే పేరులో మొదటి అక్షరం C పిడుగు పడి కరిగిపోయింది. ఆ అక్షరం రోమన్ అంకెల్లో నూరు కనుక చక్రవర్తికి ఇక నూరు రోజులే ఆయువని, మిగిలిన "ఏసర్" ఎట్రుస్కన్‌లో దేవుడు కనుక ఆయన దేవుడవుతాడని శకునం చెప్పారట. జాగ్రెబ్ నారబట్ట మీద ఈ మాట "ఐసెర్" అని కనిపిస్తుంది. అయితే సుయెటోనియస్ చిన్న పొరపాటు చేశాడు. దేవుడు అనడానికి మాట ఐస్. ఐసెర్ అంటే దేవుళ్లు. చివర ఉన్నది, ఇందాక క్లెనర్‌లో చూసిన ఆ -ర్.