వెండి ఆకుల మాచిపత్రి

అందరికీ నమస్కారం. ముందుగా ఈ పళ్ళెం అటునుంచి ఇటు పంపిస్తున్నాను. తలా ఒక ఆకు తీసుకుని వేళ్ళతో నలిపి వాసన చూడండి. ఇందులో పచ్చాకు రకం ఒకటి, తెల్లాకు రకం ఒకటి ఉన్నాయి. పచ్చాకు వచ్చినవాళ్ళు దాన్ని తిప్పి చూడండి. పైన ముదురాకుపచ్చ, అడుగున తెల్లటి నూగు. వాసన ఎక్కడో తెలిసినట్టే ఉంది కదా? వినాయక చవితి నాడు 'సుముఖాయ నమః, మాచీపత్రం పూజయామి' అంటూ మొట్టమొదట వేసే పత్రి ఇదే. ఇక్కడ డాలస్‌లో చాలా ఇళ్ళలో ఆ పేరు చదివి చేతికందిన ఆకేదో వేసేస్తారు. మా ఇంట్లోనూ చాలా ఏళ్ళు అంతే.

తెల్లాకు దాని చుట్టమే. ఈ జాతి మొత్తాన్ని ఆర్టిమీసియా అంటారు. మల్లెల మధ్య పెట్టి కట్టే మన దవనం కూడా ఇందులోదే. చామంతి కాస్త దూరపు బంధువు. అంటే డాలస్ నర్సరీల్లో వెండి రంగులో మెరుస్తూ కనబడే ఈ మొక్కలు మనకి కొత్తవేం కాదు, వేషం మార్చుకొచ్చాయంతే.

ఆ వెండి సంగతే ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే పెంపకం అంతా అందులోనే ఉంది. వేలు తడి చేసుకుని ఆకుని గట్టిగా రుద్దండి. పచ్చదనం బయటపడుతుంది. కాబట్టి అది రంగు కాదు, నూగు. ఎండని వెనక్కి కొట్టడానికీ, ఆకులో నీరు ఆవిరైపోకుండా ఆపడానికీ మొక్క కప్పుకున్న దుప్పటి. దుప్పటి కప్పుకున్నవాడి మీద రోజూ స్ప్రింక్లర్ తిప్పితే ఏమవుతుంది? నూగులో తడి నిలిచిపోయి ఆకులు నల్లబడి కుళ్ళుతాయి.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మొదటిసారి కొన్నది సిల్వర్ మౌండ్ అనే రకం. అడుగు ఎత్తు కూడా ఉండదు, పట్టులాంటి ఆకులతో గుండ్రంగా మెత్తలా ఉంటుంది. చూస్తే నిమరకుండా ఉండలేం. ఆ వేసవిలో మా అత్తగారు నరసరావుపేట నుంచి వచ్చారు. "పాపం, మొక్క పాలిపోయింది, నీళ్ళు చాలడం లేదు" అని ఉదయం ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. జూలై నాటికి మెత్త నడిమికి విచ్చుకుని బట్టతలలా తయారైంది, ఆగస్టుకి చేతిలోకి ఊడొచ్చింది. ఆవిడ తప్పు కూడా పూర్తిగా కాదులెండి. సిల్వర్ మౌండ్ పుట్టిల్లు జపాన్ వైపు, చల్లటి చోటు. మన ఉక్కపోతలో నీళ్ళు పోయకపోయినా అది నడుమ విచ్చుకుంటుంది. ఫొటో చూసి కొనకండి అని నేను అరిచేది అందుకే.

మన ఎండలకి నేను చెప్పేది పోయిస్ కాసిల్. రెండు మూడు అడుగుల ఎత్తు, అంతకంటే ఎక్కువ వెడల్పు. ఆకు సన్నగా కత్తిరించిన లేసులా ఉంటుంది. వేల్స్‌లో ఆ పేరు గల కోట తోట నుంచి వచ్చిన రకం ఇది. పూలు దాదాపు పూయదు, అది మనకి లాభమే. ఆర్టిమీసియా పూలకి అందం లేదు, పైగా గాలికి ఎగిరే పుప్పొడితో ఎలర్జీ ఉన్నవాళ్ళకి తుమ్ములు. మిగతా రకాల్లో పూల కాడలు కనబడగానే కత్తిరించేయండి.

సిల్వర్ కింగ్, వేలరీ ఫిన్నిస్ అని ఇంకో రెండున్నాయి. వీటి మూలజాతి అమెరికా సొంత మొక్క, టెక్సస్‌లో తనంతట తానే పెరుగుతుంది. గట్టి పిండం. కాకపోతే భూమిలోపల పిలకలు తీస్తూ పోతుంది, రెండేళ్ళలో పక్కనున్న గులాబీ కాళ్ళ కింద తేలుతుంది. అడుగు కోసేసిన ప్లాస్టిక్ బకెట్టు భూమిలో పాతి, అంచు పైకి రెండంగుళాలు ఉంచి, అందులో నాటండి. ఇప్పుడు మీరు వాసన చూసిన పూజ మాచిపత్రి ఇంకా ఘోరం. వేరు ముక్క ఒకటి మిగిలినా మళ్ళీ లేస్తుంది, ఈ దేశం తూర్పు రాష్ట్రాల్లో దాన్ని కలుపు మొక్కగా తిట్టుకుంటారు. భక్తి ఎంత ఉన్నా దాన్ని కుండీ దాటనివ్వకండి.

నీడలో, తేమలో పెరిగేది కావాలంటే లాక్టిఫ్లోరా ఉంది. అది వెండిది కాదు, ఆకు పచ్చగానే ఉంటుంది. నూగు లేనిది నీళ్ళు కోరుతుంది. ఈ లెక్క ఒక్కటి పట్టుకుంటే నర్సరీలో లేబుల్ లేకపోయినా సగం తెలిసిపోతుంది.

ఇక నేల. డాలస్ నల్లమట్టి అచ్చం మన గుంటూరు నల్లరేగడే. ఎండితే పగుళ్ళు, తడిస్తే బంక. గోంగూరకి బంగారం, ఈ మొక్కకి గొయ్యి. దీన్ని చంపేది ఎండాకాలం ఒక్కటే కాదు, చలికాలంలో వేళ్ళ చుట్టూ నిలిచే నీళ్ళు కూడా. ఇసుక కలుపుదామని మాత్రం అనుకోకండి, బంకమట్టిలో కాస్త ఇసుక కలిస్తే ఇటుకే. ఎక్స్‌పాండెడ్ షేల్ అని, కాల్చి గుల్లబార్చిన రాతి పలుకులు, బస్తాల్లో దొరుకుతాయి, అది కలిపి అడుగు ఎత్తున మట్టి దిబ్బ చేసి దాని మీద నాటండి. మొదలు చుట్టూ చెక్కపొట్టు వద్దు, గులకరాళ్ళు పోయండి. ఎరువు వేయకండి. బలం ఎక్కువైతే కాడలు పొడుగ్గా సాగి పడిపోతాయి, వెండి కూడా తగ్గుతుంది. నాటిన మొదటి వేసవి మాత్రం వారానికోసారి మొక్క మొదలు దగ్గర నీళ్ళు పోయాలి, ఆ తర్వాత మర్చిపోవచ్చు.

కత్తిరింపు మార్చి మధ్యలో, మంచు భయం పోయాక. శీతాకాలం ముందు చేయకండి. మొదలు దగ్గర చిన్న చిగుళ్ళు కనబడాలి, వాటికి కాస్త పైన సగానికి కోయండి. ఆకులేని ముసలి చెక్క దాకా కోస్తే పోయిస్ కాసిల్ మళ్ళీ చిగురిస్తుందని నమ్మకం లేదు. ఎంత బాగా చూసినా నాలుగైదేళ్ళకి చెక్కబారిపోతుంది, కాబట్టి కొమ్మలు నాటి వారసుల్ని సిద్ధం చేసుకోవాలి. 2021 ఫిబ్రవరిలో ఇక్కడ మైనస్ 2 ఫారెన్‌హీట్‌కి పడిపోయింది, గుర్తుందా? నా మూడు మొక్కల్లో ఒక్కటే బతికింది. గరాజ్‌లో దాచిన కుండీల వల్లే మిగతా చోట్లు నిండాయి.

పక్కన ఏం పెట్టాలి అంటే, పట్టుచీరకి వెండి జరీ ఎక్కడ నప్పుతుందో మీకు తెలుసు. ముదురు ఎరుపు సాల్వియా, ఊదా లావెండర్ పక్కన వేయండి, అన్నీ నీళ్ళు తక్కువ తాగేవే. పసుపు బంతి పక్కన నాకు నచ్చలేదు, మీ ఇష్టం. ఘాటు వాసన వల్ల జింకలు, కుందేళ్ళు సాధారణంగా వీటి జోలికి రావు. మనమూ నోట్లో పెట్టుకోవద్దు. ఈ జాతిలో అబ్సింథియం అనే రకంతో చేసిన మద్యాన్ని ఆరోగ్యానికి చేటని ఫ్రాన్స్ 1915లో నిషేధించింది. దానికి రాజకీయాలు కూడా కారణమేలెండి, కానీ వాట్సాప్ చూసి కషాయం మాత్రం కాయకండి, గర్భిణులు అసలు వద్దు.

వెనక బల్ల మీద పోయిస్ కాసిల్ కొమ్మలు పన్నెండు ఉన్నాయి, నాలుగంగుళాలవి, కింది ఆకులు తీసేశాను. షేల్ కలిపిన మట్టిలో గుచ్చి నీడపట్టున పెట్టండి. పైన ప్లాస్టిక్ కవర్ కప్పకండి, నూగు కుళ్ళిపోతుంది. మట్టి పైన ఎండాకే మళ్ళీ నీళ్ళు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఆ మొక్క తెల్లగా ఉండడమే దాని ఆరోగ్యమని ముందే చెప్పి ఉంచండి.